సేవకిచ్చే స్కాలర్‌షిప్: లా విద్యార్థినికి డబ్బు కావలసింది ఎప్పుడు?

కోనసీమలో రాజోలు వైపు, గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరి నుంచి లా కాలేజీకి వచ్చే అమ్మాయి ఖర్చుల చిట్టా రాసి చూస్తే, ట్యూషన్ ఫీజు అందరూ అనుకున్నంత పెద్ద పద్దు కాదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఇంటి వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే ఆ ఫీజు ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ కింద పోతుంది. విడతలు ఆలస్యమైనప్పుడు తలనొప్పులు వేరే సంగతి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బూ లేదు. మిగిలేవి ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఆటో, మధ్యాహ్నం తిండి, హాస్టల్ లేదా గది అద్దె, పుస్తకాలు, నల్లకోటు, ఇంటర్న్‌షిప్ వారాల్లో పొరుగూళ్లో మకాం. చదువు పూర్తయ్యాక ఇంకో ఖర్చు మొదలవుతుంది. దానికి రసీదు ఉండదు కాబట్టి ఏ చిట్టాలోకీ ఎక్కదు. అదే కోర్టులో జూనియర్‌గా కూర్చునే మొదటి రెండు మూడేళ్ల బతుకు.

ప్రజాసేవ చేయాలనుకునే లా విద్యార్థినులను ప్రోత్సహించాలని ముందుకొచ్చే దాతలు, ట్రస్టులు, పూర్వ విద్యార్థి సంఘాలు సాధారణంగా చిట్టాలో మొదటి వరుస చూసి చెక్కు రాస్తారు. చివరి వరుస చూసేవాళ్లు తక్కువ. సేవ చేద్దామనుకున్న అమ్మాయి ఆగిపోయేది మాత్రం అక్కడే.

మార్కులు, ఆదాయం, మూడోది

ఇప్పుడున్న స్కాలర్‌షిప్‌లన్నీ దాదాపు రెండే ప్రశ్నలు అడుగుతాయి: ఎన్ని మార్కులు, ఇంటి ఆదాయం ఎంత. ఇంటర్ కాగానే ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరిన అమ్మాయికి కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఒక దారి. తన బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండాలి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు, వాటిలో సగం అమ్మాయిలకు. మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, నాలుగు, ఐదు సంవత్సరాల్లో 20,000 చొప్పున మొత్తం 76,000 రూపాయలు. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. రాష్ట్ర స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకునేవారికి ఇది వర్తించదు. రెండింటికీ దరఖాస్తు పెట్టి, రెండూ వస్తాయనుకుని ఇంట్లో లెక్కలు వేసుకుంటే ఏదో ఒకటి మధ్యలో ఆగుతుంది. కాలేజీ ఫీజు ఎంత, ఐదేళ్లకు 76,000 ఎంత అని ముందే కూడికలు వేసుకుని ఒకటి ఎంచుకోవడం మంచిది. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరినవాళ్లు దీనికి కొత్తగా దరఖాస్తు పెట్టలేరు. ఇది ఇంటర్ ముగిసిన ఏడాదే పట్టుకోవలసిన బండి.

క్లాట్ రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీటు తెచ్చుకున్న ఎస్సీ విద్యార్థినికి టాప్‌క్లాస్ పథకం ఉంది. జాబితాలో ఉన్న సంస్థ అయి, ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ట్యూషన్ ఫీజుతో పాటు మొదటి ఏడాది 86,000, ఆపైన ఏటా 41,000 రూపాయల భత్యం. ప్రతి సంస్థకూ ఇచ్చే కోటాలో 30 శాతం అమ్మాయిలకు. ప్రైవేటు వైపు రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తుంది. మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు, ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటాయి. క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు అసలు గడప అదే. 2010లో న్యాయశాస్త్ర ఆచార్యుడు షంనాద్ బషీర్ మొదలుపెట్టిన ఐడీఐఏ సంస్థ పని చేసేది ఆ గడప దగ్గరే: శిక్షణ ఇచ్చి, సీటు వచ్చాక ఖర్చు భరిస్తుంది.

ఇవేవీ మూడో ప్రశ్న వేయవు: ఈ చదువుతో ఎవరి పని చేస్తావు? అడగకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. లక్షల దరఖాస్తులు చూసే పోర్టల్ సేవాభావాన్ని కొలవలేదు. ఆ ప్రశ్న చిన్న నిధి, స్థానిక కమిటీ మాత్రమే అడగగలవు.

అమెరికాలో మహిళా న్యాయవాదుల సంఘాలు ఇలాంటి ప్రోత్సాహకాలు ఇస్తుంటాయి. వాటి నమూనా తెచ్చి ఇక్కడ దించేద్దామనే ఉత్సాహం మనవాళ్లలో, ముఖ్యంగా అక్కడ స్థిరపడిన గోదావరి డెల్టా వాళ్లలో కనిపిస్తుంది. కానీ అక్కడి లెక్క వేరు. లా స్కూల్ అప్పు నెత్తిమీద ఉంటుంది కనుక వాళ్ల పథకాలు అప్పు చుట్టూ అల్లుకున్నాయి. ప్రజాసేవ ఉద్యోగంలో ఉంటూ 120 నెలవారీ వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ విద్యారుణం మాఫీ అవుతుంది. 1988లో మొదలైన స్కాడెన్ ఫెలోషిప్ అయితే డిగ్రీ అయ్యాక రెండేళ్లు జీతమే ఇస్తుంది. ఈ రెండో పద్ధతి మనకు పనికొస్తుంది. మొదటిది పనికిరాదు, ఎందుకంటే ఇక్కడి అమ్మాయిని ఆపేది అప్పు కాదు, ఆదాయం లేని రోజులు.

75 శాతం, వరద, క్యాంపు

హాజరు సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే సేవ చేసే విద్యార్థినికే ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడ. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుంటే పరీక్ష రాయవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్, సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ రెన్యువల్ రెండూ అడిగేది 75. సెమిస్టర్‌లో 90 పనిదినాలు అనుకుంటే పరీక్ష కోసం 27 రోజులు మానొచ్చు, స్కాలర్‌షిప్ నిలవాలంటే 22 రోజులే. ఆ ఐదు రోజుల తేడా కాగితం మీద చిన్నది.

లంకల్లో చిన్నది కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు, అంతకు ముందే కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటాయి. పడవే దిక్కు. 2022 జులైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలినప్పుడు లంక ఊళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వరదకు పది రోజులు, జ్వరానికి నాలుగు, ఇంట్లో పెళ్లికో చావుకో మూడు పోతే మిగిలేది ఐదు. ఆ ఐదూ న్యాయ విజ్ఞాన సదస్సులకు, లోక్ అదాలత్‌కు పెడితే ఒక్క బస్సు తప్పినా స్కాలర్‌షిప్ పోతుంది.

దీనికి మందు నిబంధనలోనే ఉంది. బార్ కౌన్సిల్ హాజరు లెక్కలో ఆ సబ్జెక్టు కింద జరిగే మూట్ కోర్టు (నమూనా వాదన), ట్యుటోరియల్, ప్రాక్టికల్ ట్రైనింగ్ కూడా కలుస్తాయి. కాబట్టి క్యాంపుకి వెళ్లేముందే ప్రిన్సిపాల్ సంతకంతో ఆన్‌డ్యూటీ ఉత్తరం తీసుకోవాలి, ఏ పేపర్ కింద లెక్కిస్తారో అందులో రాయించుకోవాలి. వెళ్లొచ్చాక అడిగితే హాజరు పట్టీ మూసేశామంటారు. ఈ ఒక్క కాగితం లేనందుకే స్కాలర్‌షిప్ పోవచ్చు.

దరఖాస్తుల్లో మిగతా తప్పులు పాతవే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం. పెళ్లయ్యాక ఆధార్ మార్చుకుని సర్టిఫికెట్లు పాతవే ఉంచుకోవడం. డబ్బు ఆధార్‌తో చివరిసారి ఏ బ్యాంకు ఖాతా లింకు అయిందో దానికే వెళ్తుంది. అది ఏనాడో తెరిచి వదిలేసిన జీరో బ్యాలెన్స్ ఖాతా కావొచ్చు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కు ఏ బ్యాంకు ముడిపడిందో చెప్పే నమోదు) ఏ బ్యాంకు చూపిస్తోందో ముందే సరిచూసుకుంటే ఆర్నెల్ల తిరుగుడు తప్పుతుంది. యానాం పిల్లలకు ఇంకో చిక్కు. చుట్టూ గోదావరి జిల్లాలే అయినా వాళ్లు పుదుచ్చేరి వాసులు. ఆంధ్రప్రదేశ్ పథకాలకు దరఖాస్తు పెట్టేముందు ఆ సంగతి తేల్చుకోవాలి. స్థానిక ట్రస్టు నిబంధనల్లో ‘గోదావరి జిల్లాల విద్యార్థినులు’ అని రాసి వదిలేస్తే యానాం అమ్మాయి అక్కడా బయటే. ‘యానాంతో కలిపి’ అని రెండు మాటలు చేరిస్తే సరిపోతుంది.

ఏది సేవ, ఏది ఫొటో

సేవను గుర్తించే స్కాలర్‌షిప్‌లో అసలు కష్టం దాన్ని చూడటంలో ఉంది. బ్యానర్ పట్టుకుని నిలబడ్డ ఫొటో, రక్తదాన శిబిరం సర్టిఫికెట్, ఊరి పెద్ద ఇచ్చిన ‘సత్ప్రవర్తన’ పత్రం ఫైలు నిండా ఉంటాయి. మంచివే, కానీ వాటికీ లాకూ సంబంధం లేదు. ఇంకో రకం దరఖాస్తులో ‘యాభై కేసులు వాదించాను’ అని ఉంటుంది. విద్యార్థిని వాదించలేదు. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయినవారికే ఆ హక్కు. ఆ వాక్యం కనిపించిందంటే రాసింది వేరెవరో, లేదా చేసిన పని ఏమిటో ఆమెకే తెలియదని కమిటీ అనుమానించాలి.

విద్యార్థిని చేయగలిగింది వాదన ముందరి పని, వాదన తర్వాతి పని. డెల్టాలో దానికి కొదవలేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. అదే సెక్షన్‌లో వరద బాధితులు కూడా ఉన్నారన్న సంగతి ఏటా వరద చూసే ఊళ్లలో చాలామందికి తెలియదు. నష్టపరిహారం జాబితాలో పేరు రాలేదని తిరిగే కుటుంబాన్ని మండల న్యాయసేవా కమిటీ దాకా నడిపించడానికి లా పట్టా అక్కర్లేదు, సెక్షన్ తెలిస్తే చాలు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకి ఫోన్ చేయించినా మొదటి అడుగు పడినట్టే.

కౌలు రైతు విషయం చూడండి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగు హక్కు పత్రం 11 నెలలకు ఇస్తారు, భూమి మీద యజమాని హక్కుకు దానివల్ల భంగం లేదు. అయినా యజమాని సంతకం పెట్టడు, పెడితే పొలం పోతుందని భయం. ఆ భయం ఎందుకు అనవసరమో యజమానికి కూర్చోబెట్టి చెప్పడం లా విద్యార్థిని చేయదగ్గ పని. కౌలు రైతు తరఫున గొడవపడటం కంటే దానితోనే ఫలితం త్వరగా వస్తుంది. కోనసీమ, నరసాపురం వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లే ఆడవాళ్లది మరో సంగతి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి దేశం దాటే అనుమతి) అవసరమైన దేశాలకు ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. విజిట్ వీసా మీద పంపుతానంటే అది పని వీసా కాదు. ఈ మూడు ముక్కలు డబ్బు కట్టక ముందు ఎవరైనా చెబితే తర్వాత జరిగే సగం గోడు ఉండదు. గృహహింస చట్టంలో రక్షణాధికారి దగ్గర ఘటన నివేదిక రాయించడం, దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలన్న నిబంధన గుర్తుచేయడం ఇంకొకటి. మనోవర్తి కోసం వచ్చినావిడకి పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 144 అయిందని తెలియకుండా అర్జీ రాస్తే అది వెనక్కి వస్తుంది.

పుస్తకాల ఖర్చు పెరగడానికి కారణం కూడా ఈ చట్టాల మార్పే. సీనియర్లు వదిలిపోయిన పుస్తకాలతో చదువుకోవడం లా కాలేజీల్లో ఆనవాయితీ. 2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి రావడంతో మూడు సబ్జెక్టుల్లో అది తెగిపోయింది. 358 సెక్షన్ల న్యాయ సంహిత, 531 సెక్షన్ల నాగరిక్ సురక్షా సంహిత, 170 సెక్షన్ల సాక్ష్య అధినియం కొత్తగా కొనాలి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే కాబట్టి కోర్టుకెళ్లేవాళ్లు పాతవీ ఉంచుకోవాలి.

చేసిన పనిని చూపడానికి మేలైన సాక్ష్యం డైరీ. రోజూ కథ రాయక్కర్లేదు. తేదీ, ఎక్కడ, ఏ రకం సమస్య, ఏ కాగితం తయారైంది, ఎక్కడ ఇచ్చారు, రసీదు సంఖ్య, మళ్లీ ఎప్పుడు. ఇలా ఉంటే చాలు: ‘ఆగస్టు 14, రాజోలు. నలభై దాటిన తల్లి. కువైట్‌లో ఉన్న కూతురికి ఐదు నెలల జీతం రాలేదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను, రసీదు సంఖ్య రిజిస్టర్‌లో ఉంది. కూతురి పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో లేదు, వాట్సాప్‌లో తెప్పించడానికి రెండు రోజులు. మళ్లీ ఆగస్టు 28.’ వచ్చిన మనిషి పేరు, సొంత ఊరు, ఫోన్ నంబరు రాయకూడదు. వచ్చినవాళ్ల గుట్టు కాపాడటం పట్టా వచ్చాక నేర్చుకునే అలవాటు కాదు, పేర్లతో సహా రాసిన డైరీ తెచ్చిన అభ్యర్థినికి మార్కులు తగ్గించాల్సిందే. కాలేజీ న్యాయ సహాయ క్లినిక్ రిజిస్టర్‌తో డైరీని సరిపోల్చవచ్చు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకే చేతిరాతతో, ఒకే ఇంకుతో ఉంటే అది కూర్చుని ఒక రాత్రిలో నింపిన డైరీ.

కమిటీ చూడాల్సింది గెలిచిన పనుల సంఖ్య కాదు. వెనక్కి వచ్చిన అర్జీ గురించి అడగాలి. ఎందుకు వచ్చింది, రెండోసారి ఏం మార్చావు అంటే నిజంగా చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. ‘చిన్నప్పటి నుంచీ పేదలకు సేవ చేయాలని’ అని మొదలయ్యే వ్యాసం అందరూ రాస్తారు, దాన్నిబట్టి ఏమీ తేలదు. మౌఖికం తెలుగులో జరగాలి. ఈ పని చేసేది తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య. చక్కటి ఇంగ్లిష్‌లో రాజ్యాంగ పీఠిక అప్పజెప్పే అమ్మాయి, ముసలమ్మకి వీలునామా అంటే ఏమిటో రెండు నిమిషాల్లో చెప్పలేకపోవచ్చు.

మార్కులు అసలు వద్దా అంటే, కావాలి, కానీ గేటులా. 50 శాతం, బ్యాక్‌లాగ్ లేకుండా ఉంటే లోపలికి రావాలి, ఆపైన ర్యాంకుతో పనిలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి ఇక్కడ గుర్తుకు రావడం సహజం. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె ఆంధ్ర మహిళా సభను స్థాపించింది 1937లో, లా డిగ్రీ అందుకుంది 1942లో. సేవ ముందొచ్చింది, చట్టం దానికి పనిముట్టుగా తర్వాత వచ్చింది. 1953లో చైనా వెళ్లొచ్చాక కుటుంబ న్యాయస్థానాలు కావాలని ఆమె పట్టుబట్టారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో, ఆమె పోయిన మూడేళ్లకి. ఏడాదిలో ఫలితం చూపమనే నిబంధన పెడితే దుర్గాబాయి కూడా రెన్యువల్ దగ్గర ఆగిపోయేవారు.

పట్టా వచ్చాక

ఎన్‌రోల్‌మెంట్ ఇప్పుడు భారం కాదు. 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పుతో జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదు. ఆలిండియా బార్ పరీక్ష ఫీజు మాత్రం జనరల్, ఓబీసీలకు 3,500, ఎస్సీ, ఎస్టీలకు 2,500. అసలు కష్టం ఆ తర్వాత.

డెల్టాలోని ఏ కోర్టు ఊరు తీసుకున్నా సీనియర్ల ఆఫీసు నడిచేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. కక్షిదారులు వచ్చేది అప్పుడే, ప్లీడింగులు (కోర్టులో వేసే అర్జీలు, జవాబులు) రాసేది అప్పుడే, నేర్చుకునేదీ అప్పుడే. పగలు కోర్టులో కనిపించేది దాని ఫలితం మాత్రమే. లంక ఊరికి ఆఖరి బస్సు అంతదాకా ఆగదు. ఆ ఊళ్లో గది ఉన్న కుర్రాడు ఆఫీసులో కూర్చుంటాడు, బస్సు పట్టుకోవాల్సిన అమ్మాయి ఐదున్నరకే లేస్తుంది. రెండేళ్లయ్యేసరికి ఆమెకి వచ్చింది వాయిదా అడగటం, కాపీ అప్లికేషన్ వేయటం. ‘ఆడపిల్లలు నిలబడరండీ’ అన్న మాట అక్కడ పుడుతుంది. బస్సు టికెట్ ఉచితమైనా ఈ చిక్కు తీరలేదు. కోర్టు ఊళ్లో పనిచేసే ఆడవాళ్ల హాస్టల్‌లో ఒక మంచం దొరికితే తీరుతుంది.

ఈ దశకు డబ్బు ఇవ్వొచ్చని ప్రభుత్వమే చూపింది. 2019 డిసెంబర్ 3న మొదలైన లా నేస్తం పథకం జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 చొప్పున ఇచ్చింది. 2024 అక్టోబర్ 15న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 కనీస స్టైపెండ్ ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచనే, నిర్బంధం కాదు. చిన్న ఊళ్లో సీనియర్ సంపాదన తెలిసినవాళ్లెవరూ ఆ అంకెలు అమలవుతాయని అనుకోరు. ఇక 2025 మే 20 సుప్రీంకోర్టు తీర్పు ఈ రోజుల విలువను పెంచేసింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి. ఇంతకు ముందు డిగ్రీ కాగానే పుస్తకాలు ముందేసుకుని పరీక్షకు చదివిన అమ్మాయి ఇప్పుడు మూడేళ్లు కోర్టులో గడపాలి, పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ మూడేళ్లు ఇంట్లో డబ్బున్నవాళ్లే గడపగలిగితే రేపటి బెంచీ మీద కనిపించేదీ వాళ్లే.

సేవ చేస్తూనే జీతం వచ్చే దారి ఒకటుంది. జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ (న్యాయ సహాయం కోరే నిందితుల తరఫున వాదించే న్యాయవాదులు) పథకంలో అసిస్టెంట్ పోస్టుకి మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లూ అర్హులే. ప్రైవేటు కేసులు పట్టకూడదు. అయితే ఖాళీలు తక్కువ. అక్కడికి చేరాలన్నా ముందు ఎవరి ఆఫీసులోనో క్రిమినల్ పని నేర్చుకోవాలి.

లెక్కలు

కాబట్టి కొత్తగా నిధి పెట్టేవాళ్లు డబ్బును చదువు చివరికీ ప్రాక్టీసు మొదటికీ కలిపి పరచాలి. ఒక నమూనా: ఏటా ఇద్దరిని, ఆఖరి ఏడాదికి ముందే ఎంపిక చేస్తారు. ఆఖరి ఏడాది నెలకు 2,000, ప్రాక్టీసు మొదటి రెండేళ్లు నెలకు 5,000. ఒక్కొక్కరికి మొత్తం 1,44,000. పథకం మూడేళ్లు నడిచాక ఎప్పుడూ ఆరుగురు చేతిలో ఉంటారు, ఏడాది ఖర్చు 2,88,000. దీన్ని 6.5 శాతం వడ్డీ మీద నడపాలంటే 44 లక్షలకు పైగా డిపాజిట్ కావాలి. ధరలు పెరుగుతాయి కనుక వడ్డీలో పావు వంతు తిరిగి అసలులో కలపాలంటే 59 లక్షలు. అంత ఎవరూ ఒక్కసారి ఇవ్వరు. నెలకు వెయ్యి చొప్పున 24 మంది ఇస్తే అదే 2,88,000 వస్తుంది. డిపాజిట్ కోసం ఆగుతూ పథకం మొదలుపెట్టకపోవడం కంటే ఇది నయం. ఎప్పుడో 50,000 వేసి పెట్టిన స్మారక నిధులు కాలేజీల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటి వడ్డీ ఏడాదికి మూడు వేల చిల్లర. మెడల్‌కీ శాలువాకీ సరిపోతుంది.

డెల్టాలో దానధర్మాలు చాలావరకు కులసంఘాల గుండా నడుస్తాయి, హాస్టళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఒక కులానికో మతానికో పరిమితమైన ట్రస్టుకు ఆదాయపు పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమైతే ఆ అభ్యంతరం లేదు. అంటే ‘మహిళా లా విద్యార్థినులకు’ అని రాస్తే ఇబ్బంది ఉండదు, ‘మా వాళ్ల అమ్మాయిలకు’ అని రాస్తే ఉంటుంది. విరాళం మీద పన్ను మినహాయింపు కోరే దాతలు 2,000 దాటితే నగదు ఇవ్వకూడదు. అమెరికా నుంచి పంపే డబ్బులో పాస్‌పోర్టు చూడాలి: భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత డబ్బును మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డున్న అమెరికా పౌరుడు పంపితే విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ట్రస్టు తీసుకోకూడదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఊళ్లో ఉంటూ ఒకరి చెక్కు చెల్లి, మరొకరిది చెల్లకపోవచ్చు. చదువు ఖర్చుకిచ్చే స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు. ప్రాక్టీసు ఏళ్లలో ఇచ్చేదాన్ని ఏ పేరుతో చూపాలో మొదటే ఆడిటర్‌తో తేల్చుకోవాలి.

డబ్బు సీనియర్ చేతిమీదుగా వెళ్లకూడదు, నేరుగా అమ్మాయి ఖాతాకే. సీనియర్ నుంచి అడగాల్సింది వేరే: ఆర్నెల్లలో ఆమె చేత ఎన్ని ప్లీడింగులు రాయించారు, ఒక్క సాక్షినైనా క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయనిచ్చారా. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడే ఆఫీసుకు రెండో ఏడాది జూనియర్‌ని పంపక్కర్లేదు. ‘ఐదేళ్లు ఊళ్లోనే పనిచేస్తాను’ అని బాండు రాయించుకోవడం మాత్రం వద్దు. పెళ్లై కాకినాడ నుంచి విజయవాడ వెళ్లిన అమ్మాయి అక్కడి న్యాయసేవా సంస్థ ప్యానెల్‌లో పనిచేస్తే నిధికి నష్టమేమీ లేదు. బాండు భయంతో మంచి అభ్యర్థినులే దరఖాస్తు పెట్టరు.

చివరిగా తేదీలు. ఆగస్టులో ప్రకటన ఇస్తే లంకల పిల్లలు దాన్ని చూసేసరికి గడువు అయిపోతుంది. నవంబర్ 9 న్యాయ సేవల దినోత్సవం నాడు ప్రకటించి, సంక్రాంతి సెలవులు అయ్యాక ఇంకో పదిరోజులు గడువు ఉంచి, ఫిబ్రవరిలో మౌఖికం పూర్తి చేయడానికి వీలుంటుంది. మొదటి నెల డబ్బు జూన్ 1 నాటికి ఖాతాలో ఉండాలి. హాస్టల్ వాళ్లు అడ్వాన్సు అడిగేది ఆ వారంలోనే.